మామిడి ముంగిట పచ్చికా?

వసంతం రాగానే గడ్డి విత్తనాలు చల్లి, ఎరువు వేయమంటాయి విదేశీ తోటపని పుస్తకాలు. మంచు కురిసే దేశాల్లో అది సరే. మన నూజివీడులో వసంతమంటే చిన్నరసాలు పిందె నుంచి కాయయ్యే కాలం, ఆపైన రోహిణి ఎండలు. లేత గడ్డి తట్టుకోలేదు. తొలకరి దాకా ఆగండి.

ఈలోపు మట్టిని జానెడు లోతు తవ్వి, రాళ్లేరి, చివికిన పశువుల ఎరువు కలిపి చదును చేసుకోవచ్చు. వాన పడ్డాక గరిక విత్తనం చల్లినా, పిలకలు నాటినా సరే. (వినాయకుడి పూజకు తెచ్చే గరికేనండీ, లాన్లలో బెర్ముడా పేరుతో దర్జా వెలగబెట్టేది!) వేళ్లూనాక యూరియా కొద్దిగా చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. లేదంటే గడ్డి మాడుతుంది.

అసలు చిక్కు చలికాలంలో. పెరట్లో రసాల చెట్టు ఉందా? నవంబరు, డిసెంబరుల్లో దాని కింద నేల ఆరాలి. చలికి బెట్ట తోడైతేనే పూత బాగా వస్తుంది. పచ్చికకు పెట్టే నీళ్లూ, యూరియా చెట్టు వేళ్లకు అందాయంటే పూతకు బదులు కొత్త చిగురేస్తుంది. వేసవిలో పిల్లలకు ఆకులే మిగులుతాయి! అందుకే కొమ్మలు పరచుకున్నంత మేరా, మరో గజం అవతలి వరకూ పచ్చిక వద్దు. ఆ నీడలో గరిక ఎలాగూ సరిగా పెరగదు. ఎండుటాకులు పరిచి వదిలేయండి. చెట్టుకు ఎరువంటారా... కాయలు కోశాక, జూన్, జులై వానలప్పుడు. అదీ మొదలు దగ్గర కాదు, కొమ్మల చివర్ల కింద గాడి తీసి వేయాలి.