తాతల పేర్లకు కిక్రి సాక్ష్యం

తాత పేరేమిటంటే ఎవరైనా చెబుతారు. ముత్తాత పేరు? కాస్త ఆలోచించాలి. ఆయన తండ్రి పేరు అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. మైదానం ఊళ్లలో అయితే ఏ పాత దస్తావేజులోనో, ఇనుప పెట్టె అడుగున దొరికే కాగితాల్లోనో ఆ పేరు బయటపడొచ్చు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ చుట్టుపక్కల గోండు గూడేల్లో ఆ ఆశ కూడా తక్కువే. అక్కడ పాత సంగతి తెలియాలంటే కాగితం వెతకరు, పటాడిని పిలుస్తారు.

పటాడి అంటే పర్ధాన్. గోండుల వంశకథలు చెప్పడం ఆయన కులవృత్తి. చేతిలో మూడు తీగల కిక్రి ఉంటుంది. కమాను లాగుతూ రాత్రంతా పాడతాడు. ఆది గురువు పహండి కుపార్ లింగాల్, గుహలోంచి బయటికొచ్చిన దేవతలు, మొదటి పటాడి హీరాసుకా... ఇలా మొదలై కథ వంశం దాకా వస్తుంది. తమాషా ఏమిటంటే, ఆదిలాబాద్ పర్ధాన్లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. పాడేది మాత్రం గోండీలో!

ఒక్కో పర్ధాన్ కుటుంబానికి తాతల నాటి నుంచీ కొన్ని గోండు కుటుంబాలు ఉంటాయి. ఆ ఇళ్లలో పెళ్లయినా చావయినా కిక్రి మోగాల్సిందే. బదులుగా ధాన్యం, బట్టలు, కలిగిన ఇల్లయితే ఆవో ఎద్దో ఇచ్చేవారు. ఇచ్చే చేతులు చితికిపోయాక పాడే గొంతులూ తగ్గాయి. పర్ధాన్ల పిల్లలు చేనులోకో, కూలికో, ఉద్యోగానికో మళ్లారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కిక్రి కడుపు నింపని రోజుల్లో దాన్ని మోయమని ఎవరు చెప్పగలరు?

గోండుల్లో ఇంటిపేరుకన్నా ముందు అడిగేది 'సగ' ఏమిటని. నాలుగు, అయిదు, ఆరు, ఏడు... అన్నదమ్ముల లెక్కన సమాజమంతా నాలుగు సగలు. ఒకే సగలో పెళ్లిళ్లు కుదరవు. కాబట్టి పెళ్లి మాట వచ్చిన ప్రతిసారీ వంశవృక్షం బయటికొచ్చి తీరుతుంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్యమాసం అమావాస్యకు జరిగే నాగోబా జాతర చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. అది మెస్రం వంశీయుల జాతర. కాలినడకన వెళ్లి తెచ్చిన గోదావరి జలంతో పూజ చేస్తారు. 22 కితల వాళ్లూ మర్రిచెట్టు కింద బస చేస్తారు. ఆ ఏడాది వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను తెల్లచీరల్లో నాగోబా ముందుకు తీసుకొస్తారు. దీన్నే భేటింగ్ అంటారు. అది జరిగేదాకా కోడలికి దేవుడి పూజలో చోటు లేదు. ఓ రకంగా చూస్తే ఏటా జరిగే పేర్ల నమోదే అది. రిజిస్టరు ఒక్కటే ఉండదు.

కాగితం ఎప్పుడొచ్చింది?

ఉట్నూర్ అడవుల్లో గోండుల పేర్లు సర్కారు కాగితాలకు పెద్ద ఎత్తున ఎక్కింది 1940ల్లో. అంతకుముందు అడవిని రిజర్వు చేసి గూడేలను ఖాళీ చేయించారు. రైలు మార్గం పడ్డాక భూమి కోసం మైదానం రైతులు వచ్చారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ నేలకొరిగాక నిజాం సర్కారు ఉలిక్కిపడింది. ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితిగతులు చూసి రమ్మంది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. పర్ధాన్ల నోట గోండు పురాణాలు రాసుకున్నాడు. గోండులకు పట్టాలు ఇప్పించడానికి పూనుకున్నాడు. నాగోబా జాతరలో 1942 నుంచి జరుగుతున్న దర్బారు కూడా ఆయన చలవే.

ఆ పట్టాతోనే చాలా కుటుంబాల లిఖిత చరిత్ర మొదలవుతుంది. అయితే దాన్ని చదవడం అంత సులువు కాదు. నిజాం కాలపు రికార్డు ఉర్దూలో ఉంటుంది. సంవత్సరం ఫసలీలో వేస్తారు. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41 అన్నమాట. ఇక పేర్లు! కుమ్రం, కొమరం, కుమ్ర... గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా. గూడేనికి పటేల్ పేరే ఊరిపేరు కావడం ఇక్కడ మామూలు. పటేల్ మారితే, గూడెం మరోచోటికి కదిలితే పేరూ మారొచ్చు. సేత్వార్‌లో ఒక ఊరు, 1954-55 ఖాస్రా పహాణీలో మరో ఊరు కనిపిస్తే అవి రెండు కుటుంబాలో, ఒకే కుటుంబమో తేల్చేది ఎవరు? మళ్లీ ముసలివాళ్లే దిక్కు.

పాటలో తేదీలుండవు, పహాణీలో పూర్వీకులుండరు. పాట వంశం వేళ్లు చూపిస్తుంది, పహాణీ తాతను చూపిస్తుంది. నడుమ నాలుగైదు తరాలు జారిపోయేది ఈ రెంటికీ మధ్యనే.

వెతికేవాళ్లకు దారులు లేకపోలేదు. హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు, రాతలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. మార్లవాయి మనవడు తాత ముఖం చూడాలంటే అంతదూరం చూపు సారించాలి! నార్నూర్ మండలం గుంజాలలో గోండీకి సొంత లిపి ఉన్న రాతప్రతులు బయటపడ్డాయి. చదవగలిగిన పెద్దలు అప్పటికి గుప్పెడుమందే మిగిలారు. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. కిక్రి పాట విన్నది విన్నట్టు సొంత అక్షరాల్లో రాసుకునే వీలు ఇప్పుడుంది.

ఎందుకింత పట్టింపు?

ఉట్నూర్‌లో ఇది సరదా వ్యవహారం కాదు. 'నీ తాత ఇక్కడికెప్పుడొచ్చాడు?' అన్న ప్రశ్న ఇక్కడ నిప్పులాంటిది. తెలంగాణ లంబాడాలు 1976 చట్టంతో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. ఆ తర్వాత మహారాష్ట్ర నుంచి వలసలు పెరిగాయన్నది గోండుల ఫిర్యాదు. తామూ తరాలుగా ఇక్కడే బతుకుతున్నామన్నది లంబాడాల మాట. 2017 డిసెంబరులో ఈ గొడవ ఉట్నూర్ వీధుల్లో ఘర్షణలకు దారితీసింది.

భూమి సంగతి సరేసరి. అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమి తమ అధీనంలో ఉన్నట్టు చూపాలి. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చేయాలి. లెక్క వేస్తే 1930కి వెళ్తుంది. 1930 నాటి కాగితం ఎందరి ఇళ్లలో ఉంటుంది?

చట్టం నియమావళి 13వ నియమంలో మాత్రం చాలామంది పట్టించుకోని ఓ వెసులుబాటు ఉంది. పాత భూమి రికార్డుల్లో పేరున్న వ్యక్తి దాకా వెళ్లే వంశవృక్షాన్ని సాక్ష్యంగా చూపొచ్చు. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలాన్నీ రాతపూర్వకంగా తీసుకుని జతచేయొచ్చు. గ్రామసభ ముందు ముసలమ్మ చెప్పే బంధుత్వాలకు, పటాడి చెప్పే వంశకథకు విలువ ఉందన్నమాట. కాకపోతే చెప్పేవాళ్లు ఉండగానే ఎవరో ఒకరు కాగితం, కలం పట్టుకుని ఎదురుగా కూర్చోవాలి.