పైత్యనాళంలో వేసిన గొట్టాన్ని మరువరాదు

కళ్లు పచ్చబడగానే పసరు మందు తాగడం పల్లెల్లో పరిపాటి. వైరస్ సోకి వచ్చే కామెర్లు చాలామందికి కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. అయితే కామెర్లన్నీ ఒక రకం కావు. పిత్తాశయంలోని రాయి జారి పైత్యనాళంలో ఇరుక్కున్నా, గడ్డ పెరిగి నాళాన్ని నొక్కినా కామెర్లు వస్తాయి. ఈ అడ్డు పసరుతో తొలగదు.

మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా పోవడం, ఒళ్లంతా దురద, కుడి డొక్క పైభాగాన నొప్పి దీని గుర్తులు. చలిజ్వరం కూడా తోడైతే నాళానికి చీము పట్టి ఉండవచ్చు. అప్పుడు ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి.

పొట్ట కోయకుండా చికిత్స

ఈ అడ్డును తొలగించే పద్ధతిని ఇ.ఆర్.సి.పి. అంటారు. 1968లో అమెరికాలో ఇది పరీక్షగా మొదలైంది. నాళం మూతిని లోపలి నుంచే కోసి రాళ్లు తీసే విధానాన్ని 1974లో జపాన్, జర్మనీ వైద్యులు ప్రకటించారు. ఇప్పుడు సాధారణంగా స్కానింగులో అడ్డు ఉన్నట్టు తేలాకే దీనిని చేస్తున్నారు.

రోగికి మత్తు ఇచ్చి, నోటి గుండా కెమెరా గొట్టాన్ని చిన్నపేగు మొదటి భాగం వరకు పంపుతారు. పైత్యనాళం, క్లోమనాళం తెరుచుకునేది అక్కడే. నాళంలోకి రంగు మందు పంపి, ఎక్స్‌రేలో చూస్తూ రాయిని చిన్న బుట్టతో లాగుతారు. అవసరమైతే స్టెంట్ అనే సన్నని గొట్టం అమర్చుతారు.

ముందు చెప్పవలసినవి

వైద్యుడు చెప్పిన సమయం నుంచి ఏమీ తినరాదు. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడేవారు, గర్భిణులు, మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. మందులను సొంతంగా మానరాదు.

నూటికి ముగ్గురి నుంచి పదిమంది వరకు చికిత్స తర్వాత క్లోమం వాచే ప్రమాదం ఉంది. ఎక్కువమందికి కొద్ది రోజుల్లో నయమవుతుంది, కొందరికి ముదురుతుంది. రక్తస్రావం, పేగుకు రంధ్రం పడడం అరుదు. ఇంటికి వచ్చాక వీపులోకి పాకే కడుపునొప్పి, ఆగని వాంతులు, చలిజ్వరం, నల్లని మలం కనిపిస్తే గ్యాస్ నొప్పి అనుకోకుండా వెంటనే తిరిగి వెళ్లాలి.

తేదీ తప్పరాదు

కామెర్లు తగ్గి, ఆకలి పుట్టగానే చాలామంది స్టెంట్ సంగతి మరిచిపోతారు. ప్లాస్టిక్ స్టెంట్ శాశ్వతం కాదు. సాధారణంగా మూడు నెలల లోపు తీయించాలి లేదా మార్పించాలి. ఆలస్యమైతే అది పూడిపోయి, నాళానికి చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. నాట్లనీ, కోతలనీ వాయిదా వేయరాదు.

నాళంలోని రాయి తీసినా పిత్తాశయంలో రాళ్లు మిగిలితే మళ్లీ జారవచ్చు. దానికి ఆపరేషన్ ఎప్పుడో అడగాలి. స్టెంట్ వేసిన తేదీ, తీయవలసిన తేదీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవాలి.