పాత కారుకు తడిగుడ్డ వైద్యం

రోహిణీ కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. పాత స్పోర్ట్స్ కారుకైతే ఊపిరే ఆడదు! సామర్లకోటలో మిట్టమధ్యాహ్నం రైల్వేగేటు పడిందనుకోండి. ఇంజను ఆపుతారు. రైలు వెళ్లిపోతుంది, గేటు లేస్తుంది. కారు మాత్రం స్టార్టవదు. ట్యాంకులో పెట్రోలుంది, బ్యాటరీ బాగుంది. మరి ఏమైనట్టు?

మెకానిక్కులు దీన్నే 'వేపర్ లాక్' అంటారు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అయినా, అదే కుటుంబానికి చెందిన ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అయినా పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. ఇంజను ఆగితే ఫ్యానూ ఆగుతుంది. వేడి బానెట్ కిందే ఉండిపోతుంది. పైపులోని పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. పంపు పెట్రోలును తోడగలదు గానీ ఆవిరిని తోడలేదు. కార్బురేటర్‌కు చుక్క అందదు. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

విరుగుడు తేలికే. బండిని నీడకు తోసి, బానెట్ ఎత్తి, నీళ్లు కారకుండా పిండిన తడిగుడ్డను పంపు మీద వేసి పావుగంట ఆగాలి. అదేపనిగా సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోతుందంతే. మాటిమాటికీ ఇదే తంతయితే పెట్రోలు పైపును సైలెన్సర్ గొట్టానికి దూరంగా జరిపించాలి.

అయితే గుడ్డ వేసే ముందు ఒక్కసారి వాసన చూడండి. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. పాతకాలపు రబ్బరు దానికి తట్టుకోలేక చిట్లవచ్చు. కాలుతున్న ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే మంటే! అందుకే వేసవి రాకముందే రబ్బరు పైపులు మార్పించుకోవాలి. ఆవిరికి తడిగుడ్డ చాలు, కారే పైపుకు చాలదు.