మనోవర్తి భూమి ఎవరిది?

కర్నూలు, కడప జిల్లాలలో వానను నమ్ముకొన్న మెట్టచేలే ఆస్తిగా గల కుటుంబములు ఎన్నో కలవు. అట్టి ఇంట అన్నదమ్ములు పాళ్లు పంచుకొనునప్పుడు వితంతువైన కోడలు ఉన్నచో, ఆమె మనోవర్తికై రెండు మూడు ఎకరములు విడిచి, బ్రతికినంత కాలము అనుభవించవలెననియు, అమ్మరాదనియు, ఆమె తదనంతరము భూమి మగవారికి చెందవలెననియు కాగితము వ్రాయుట పెద్దలు ఎరిగిన పద్ధతియే. పంట పండిన ఏడు ఆ షరతు ఎవరికిని బరువుగా తోచదు. రెండేండ్లు వరుసగా వాన తప్పి, అప్పు తీర్చుటకో, వైద్యమునకో ఆమె ఒక ఎకరము అమ్మదలచిననాడు ప్రశ్న పుట్టును. ఆ భూమి ఆమెదా, కాదా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన ప్రసిద్ధమైన తీర్పు తెలుగునాట పుట్టిన వ్యాజ్యములోనిదే. కడప జిల్లాకు తూర్పున, వెలికొండలకు ఆవల నున్న నెల్లూరులో మొదలై సుప్రీంకోర్టు వరకు పోయిన ఆ వ్యాజ్యమును న్యాయవాదులు తులసమ్మ కేసు అందురు.

ఆమె భర్త 1931లో మరణించెను. కుటుంబము అప్పటికి ఉమ్మడిగానే ఉండెను. నాటి ధర్మశాస్త్రము ప్రకారము భర్త వాటా అతని సోదరునికి సంక్రమించినది. భార్యకు మిగిలినది మనోవర్తి హక్కు ఒక్కటియే. ఆమె 1944లో కోర్టు రుసుము చెల్లింపలేని పేదరాలిగా నెల్లూరు మునసబు కోర్టును ఆశ్రయించి, 1946లో డిక్రీ పొందెను. దాని అమలు దశలో, 1949లో, ఉభయులకు రాజీ కుదిరెను. ఆమెకు కొంత ఆస్తి వచ్చెను గాని అది అనుభవమునకు మాత్రమే. అమ్మకపు హక్కు లేదు.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టము అమలులోనికి వచ్చెను. తులసమ్మ 1960లో కొంత ఆస్తిని కౌలుకిచ్చి, 1961లో కొంత అమ్మెను. ఆ ఏడే భర్త సోదరుడు దావా వేసెను. మునసబు కోర్టు అతని పక్షమున, 1967లో జిల్లా జడ్జి ఆమె పక్షమున, 1972లో హైకోర్టు తిరిగి అతని పక్షమున తీర్పు చెప్పినవి. కాగితము ఒక్కటే, చదివిన కండ్లు వేరు.

తగవంతయు ఆ చట్టములోని 14వ సెక్షను మీద నడిచినది. దాని మొదటి ఉపవిభాగము ప్రకారము స్త్రీ స్వాధీనములోనున్న ఆస్తికి ఆమె సంపూర్ణ యజమానురాలు. మనోవర్తికి బదులుగా వచ్చిన ఆస్తియు ఇందులో చేరును. రెండవ ఉపవిభాగము ప్రకారము దానపత్రము, వీలునామా, డిక్రీ వంటి వానిలో పరిమిత హక్కు మాత్రమే ఇచ్చియున్నచో ఆ పరిమితి నిలుచును. రాజీపత్రము దేనిక్రిందికి వచ్చును?

1977 మార్చి 17న న్యాయమూర్తులు భగవతి, గుప్తా, ఫజల్ అలీ ఈ చిక్కు విడదీసిరి. వితంతువు మనోవర్తి ఎవరో దయతలచి పెట్టిన భిక్ష కాదు. కుటుంబపు ఆస్తి మీద ఆమెకు ముందునుండియు ఉన్న హక్కు. రాజీపత్రము ఆ హక్కును గుర్తించినదే గాని క్రొత్తగా పుట్టించినది కాదు. కావున మొదటి ఉపవిభాగమే వర్తించును. అమ్మరాదను షరతు చెల్లదు. మనోవర్తి కోరి కోర్టు మెట్లెక్కిన ముప్పదిమూడేండ్లకు ఆమె గెలిచెను.

అయితే ఆడవారికి వ్రాసిన ప్రతి పరిమిత పత్రమును ఇట్లే మారునని తలంచరాదు. ముందు ఏ హక్కును లేనివారికి దానముగానో, వీలునామాగానో జీవితకాలానుభవము మాత్రమే ఇచ్చినచో రెండవ ఉపవిభాగము అడ్డు వచ్చును. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయవలెనను విషయమున తరువాతి తీర్పులు ఏకరీతిగా లేవు. అందుచేత 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు నివేదించినది.

కావున ఇట్టి కాగితము ఇంటిపెట్టెలో ఉన్నవారు మొదట చూడవలసినది “అమ్మరాదు” అను మాట కాదు. ఆస్తి ఏ హక్కుకు బదులుగా ఇచ్చినారు, ఎప్పుడు ఇచ్చినారు, స్వాధీనము ఎవరిది అను మూడు సంగతులు చూడవలెను. భూమి మనోవర్తి నిమిత్తము ఇచ్చినదైనచో ఆ మాట పత్రములో స్పష్టముగా ఉండుట మేలు.

అప్పీలు విషయమున ఇంకొక మాట. మొదటి అప్పీలులో సాక్ష్యమును మరల తూచవచ్చును. హైకోర్టులో రెండవ అప్పీలు ముఖ్యమైన న్యాయప్రశ్న ఉన్నప్పుడే నిలుచును. మొదటి కోర్టులో దాఖలు చేయని కాగితమును తరువాత చేర్చుట కష్టము. గడువు జిల్లా కోర్టుకు 30 దినములు, హైకోర్టుకు 90 దినములు. ఇరుగుపొరుగు సలహాలతో ఆ దినములు జారవిడుచుకొనరాదు.

నేటి వితంతువు స్థితి 1931 నాటిది కాదు. 1956 నుండి ఆమె బిడ్డలతోపాటు భర్తకు మొదటి తరగతి వారసురాలు. అయినను “నీకు తిండికి లోటు చేయము, వ్రేలిముద్ర వేయుము” అను మాట ఊళ్లలో ఇంకను వినబడుచునే యున్నది. వ్రేలిముద్ర వేయుటకు ముందు ఆ కాగితమును ఆమెకు చదివి వినిపించు మనిషి ఇంటిలో ఒక్కరున్నను, ముప్పదిమూడేండ్ల వ్యాజ్యము తప్పవచ్చును.