చక్రం తిప్పే నూనె

పెనుగొండ చుట్టుపక్కల సార్వా దమ్ములప్పుడు పాత ట్రాక్టరు నడిపేవాళ్ల చేతులు చూడండి. బొటనవేళ్లు స్టీరింగు ఊచల మధ్యకు పోనివ్వరు, పైనే ఆనించి పట్టుకుంటారు. ముందు టైరు గట్టుకు తగిలితే ఆ దెబ్బ స్టీరింగు బాక్సు గుండా ఎదురుతన్ని చక్రం గిర్రున తిరుగుతుంది. మధ్యలో వేలుంటే విరుగుతుంది. పైగా మనది బంకమట్టి. వెనక దమ్ముచక్రాలు తోస్తుంటే ముందు టైర్లు బురదలో దిగబడతాయి. మడి చివర బండి మళ్లాలంటే ఒకవైపు బ్రేకు తొక్కి, ఒళ్లంతా చక్రం మీద వేసి లాగాలి. కొబ్బరి, అరటి తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టర్లకైతే అడుగడుగునా మలుపే. పవర్ స్టీరింగు సోకు కాదు, డ్రైవరు భుజాలకు దక్కాల్సిన న్యాయం.

ఈ అవస్థను మొదట గట్టిగా పట్టించుకున్నవాడు అమెరికాలో పియర్స్-యారో లారీల ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్. ఉద్యోగం మానేసి, వాల్తమ్‌లో సొంతంగా శ్రమించి, 1926లో ఒక కారుకు హైడ్రాలిక్ స్టీరింగు బిగించి చూపించాడు. నూనెను ఎప్పుడూ ఒత్తిడిలోనే నిల్వ ఉంచే పద్ధతిని ఆయన వదిలేశాడు. ఆయన ఏర్పాటులో నూనె మామూలుగా పారుతూ ట్యాంకుకు తిరిగొస్తుంది, చక్రం తిప్పినప్పుడే వాల్వు దారి మూసి ఒత్తిడి పుట్టిస్తుంది. జనరల్ మోటార్స్ ముచ్చటపడింది గానీ, ఆర్థికమాంద్యంలో ఖర్చుకు జడిసి 1934లో పక్కన పెట్టేసింది. జనం కొనుక్కునే కారులోకి పవర్ స్టీరింగు వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో.

మన పాత ట్రాక్టరుకు అక్కరకొచ్చేది మాత్రం ఇంకో మనిషి బుర్ర. మిన్నెసోటాకు చెందిన లిన్ చార్ల్‌సన్ తయారుచేసిన ఆర్బిట్రోల్‌లో ఏడు పళ్ల గూడులో ఆరు పళ్ల చక్రం పొర్లుతూ తిరుగుతుంది. మీరు స్టీరింగు ఎంత తిప్పితే అంత నూనెను కొలిచి, ముందు టైర్లను తిప్పే సిలిండరుకు పంపుతుంది. స్టీరింగుకూ ముందు టైర్లకూ మధ్య ఇనుప కడ్డీ ఏదీ ఉండదు, రెండు హోసు పైపులే. గట్టు దెబ్బ చేతిదాకా రాదు.

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. 50 మిల్లీమీటర్ల సిలిండరులో పిస్టన్ వైశాల్యం సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. 100 బార్ ఒత్తిడిలో అది దాదాపు రెండు టన్నుల బలంతో తోస్తుంది. కానీ రాడ్డు ఉన్న వైపు, 25 మిల్లీమీటర్ల రాడ్డు అడ్డొచ్చి వైశాల్యం 14.7కు తగ్గుతుంది. 200 మిల్లీమీటర్లు కదలాలంటే ఒకవైపు 393 సీసీ నూనె కావాలి, రెండోవైపు 294 సీసీ చాలు. చుట్టుకు 100 సీసీ ఇచ్చే ఆర్బిట్రోల్ పెడితే ఒకవైపు నాలుగు చుట్లు, ఇంకోవైపు మూడే. కొత్తగా బిగించుకున్నవాళ్లు ఇదేదో చెడిందనుకుంటారు. చెడలేదు, సిలిండరు తీరే అంత. రాడ్డు రెండువైపులా బయటికొచ్చే సిలిండరు పెడితే ఈ తేడా పోతుంది.

ఈ నూనెను తోసే పంపు సంగతిలో తొందరపడి, ఉన్న లిఫ్టు పంపుకే కలిపేయకూడదు. ఫెర్గూసన్ వంశపు పాత ట్రాక్టర్లలో లిఫ్టు పంపు పీటీవో షాఫ్టు మీద నడుస్తుంది. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే ఆ పంపూ ఆగుతుంది, సరిగ్గా మలుపులో స్టీరింగు బిగుసుకుంటుంది. అందుకే ఇంజనుతో నేరుగా తిరిగే వేరే పంపు పెట్టాలి.

అన్నిటికంటే ముందు జాకీ ఎత్తి ముందు టైరు ఊపి చూడాలి. కింగ్‌పిన్ బుష్‌లు, టైరాడ్ చివర్లు అరిగి ఉంటే చేతికి తెలిసే లొడలొడ, నూనె వచ్చాక తెలియదు. లోపల అరుగుతూనే ఉంటుంది. రెండు టన్నుల తోపు ఆ వదులు కీళ్ల మీదే పడుతుంది. సిలిండరు బ్రాకెట్టు వెల్డింగూ అంతే గట్టిగా ఉండాలి. రిలీఫ్ వాల్వు ఒత్తిడి అవసరానికి మించి పెంచమని మెకానిక్కును బతిమాలకండి. వంగేది మీ యాక్సిలే.

పైపుల్లో గాలి మిగిలితే స్టీరింగు మెత్తగా, బద్ధకంగా తిరుగుతుంది. ట్యాంకులో నూనె తగ్గకుండా చూస్తూ ఈ చివరినుంచి ఆ చివరికి నెమ్మదిగా పలుమార్లు తిప్పితే గాలి బయటికొస్తుంది. ఇంజను ఆగినా ఆర్బిట్రోల్ చేతిపంపులా పనిచేస్తుంది, బరువుగానైనా బండి మళ్లుతుంది. కాలవగట్టు ఎక్కేముందు ఇంజను ఆపి చక్రం తిప్పి చూసుకోవాలి. టైర్లు కదలకపోతే బండిని రోడ్డెక్కించకుండా అక్కడే బాగుచేయించాలి.