గుంపులో తేడాగా ఉన్న సీగల్

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి సాగుతుంది. చలికాలంలో అక్కడికి వచ్చేవాళ్ల చూపంతా ఫ్లెమింగోల మీదే. బురద మీద వాలిన సీగల్స్ గుంపును పట్టించుకునేవారు తక్కువ. ఆ గుంపులో ఒక పక్షి తల పూర్తిగా తెల్లగా, ముక్కు కాస్త పొడుగ్గా ఉందనుకుందాం. అది అరుదైన అతిథా, ఏటా వచ్చేదేనా?

పేరు పెట్టే ముందు వయసు తేల్చుకోవాలి. సీగల్ పిల్లకు పెద్దవాటి రంగు వెంటనే రాదు. చిన్న జాతులకు దాదాపు రెండేళ్లు, పెద్ద జాతులకు నాలుగేళ్లు పడుతుంది. అంటే ఒకే జాతి పక్షులు ఒకే ఒడ్డున రకరకాల వేషాల్లో కనిపిస్తాయి. బ్రిటిష్ పక్షి పరిశీలకుడు పి.జె. గ్రాంట్ 1982లో తెచ్చిన గల్స్ పుస్తకం వాటిని వయసులవారీగా విడదీసి చూపింది. ఈ వయసు తేడాలు తెలియకపోతే ఎంత మంచి బైనాక్యులర్ ఉన్నా దారి తప్పడం ఖాయం.

పులికాట్‌లో ముందుగా పరిచయం చేసుకోవాల్సింది గోధుమతల గల్‌ను. టిబెట్, లడఖ్ లాంటి ఎత్తైన ప్రాంతాల సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికి మన తీరానికి దిగి వస్తుంది. అప్పటికి తల గోధుమ రంగు పోయి తెల్లబడుతుంది, కంటి వెనక ముదురు మచ్చ ఒక్కటే మిగులుతుంది. ఎదిగిన పక్షి కన్ను లేత రంగు. రెక్క కొన నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్ల మచ్చలు కనిపిస్తాయి. తొలి చలికాలం గడిపే పిల్లకు ఆ మచ్చలు ఉండవు. దాని కన్ను కూడా ముదురు రంగే, తోక చివర నల్ల పట్టీ ఉంటుంది. అందుకే దాన్ని నల్లతల గల్ అని పొరబడుతుంటారు. కానీ నల్లతల గల్ ఎగిరినప్పుడు రెక్క ముందంచున తెల్లటి పొడవాటి త్రికోణం మెరుస్తుంది.

ఆ త్రికోణమే సన్నముక్కు గల్‌కూ ఉంది. అయితే దాని కంటి వెనక మచ్చ ఉండదు, ఉన్నా లీలగా ఉంటుంది. నుదురు వాలుగా దిగి పొడవాటి ముక్కులో కలుస్తుంది. గుజరాత్ తీరంలో ఇది బాగానే కనిపిస్తుంది, తూర్పు తీరంలో అరుదు. వేసవి దగ్గరపడి చుట్టుపక్కల పక్షుల తలలు ముదురుతున్నప్పుడు కూడా దీని తల తెల్లగానే ఉంటుంది. కాబట్టి మార్చిలో గుంపును వెతకడం మంచి అదను.

పెద్ద గల్స్ సంగతి వేరు. పల్లాస్ గల్‌ది పక్క పక్షులను మరుగుజ్జులుగా చూపే ఆకారం. పసుపు ముక్కు మీద నల్ల పట్టీ, కొసన ఎరుపు. దాన్ని పోల్చుకోవడం తేలికే. ముదురు బూడిద వీపున్న హ్యూగ్లిన్స్ గల్, దాని బంధువుల దగ్గరే అసలు చిక్కు. ఈ జాతుల మధ్య సంకరాలూ పుడతాయి. ఇవి ఉత్తర ధ్రువం చుట్టూ గొలుసుకట్టుగా విడిపోయాయన్న పాత వాదనను 2004లో డీఎన్‌ఏ పరిశోధన తోసిపుచ్చింది.

ఈకల అరుగుదల మరో మోసం. మెలనిన్ అనే రంగుపదార్థం ఉన్న నల్ల భాగం గట్టిది, తెల్ల భాగం త్వరగా అరిగిపోతుంది. పాతబడిన రెక్కలో తెల్లటి అంచులు మాయం కావచ్చు. ఎండ తీవ్రతను బట్టి వీపు బూడిద రంగూ మారినట్టు అనిపిస్తుంది.

అందువల్ల అనుమానం వచ్చిన పక్షిని తెలిసిన గల్ పక్కన ఉన్నప్పుడు ఫోటో తీయాలి, పరిమాణం తెలుస్తుంది. తర్వాత అది ఎగిరేదాకా ఓపిక పట్టాలి. పైరెక్క, కిందిరెక్క, తోక మూడూ పడితే పక్షుల నమోదు వెబ్‌సైట్ ఈబర్డ్‌లో సమీక్షకులు వయసును, జాతిని తేల్చడానికి ఆధారం దొరికినట్టే.