ఇవాళ రాలేదేం, పిన్నిగారూ?

పెద్దల దినోత్సవం రోజున శాలువా కప్పి, పండ్లు చేతిలో పెట్టి ఫొటో దిగితే వాళ్ల ఒంటరితనం తీరదు. వారం వారం ఎదురుచూసే కూడిక ఒకటి కావాలి. అందులో వాళ్లకంటూ ఓ పని ఉండాలి.

శనివారం సాయంత్రం, రామాలయం మండపం. దీపాలు పెట్టే వేళకు ఒక్కొక్కరే వస్తారు. చేతిసంచిలో కళ్లజోడు, తాళాలు, అట్ట ఊడిన నోటుపుస్తకం. చూపు తగ్గుతున్నకొద్దీ అందులో కీర్తనల అక్షరాలు పేజీ పేజీకీ పెద్దవవుతూ వచ్చాయి. ఒకావిడ హార్మోనియం ముందు కూర్చుంటే మరొకావిడ పల్లవి ఎత్తుకుంటుంది. ఊపిరి అందని చోట పక్కావిడ అందుకుంటుంది. మంగళహారతి అయ్యాక శనగలు పంచడం ఒకరి వంతు, చాపలు చుట్టడం ఇంకొకరి వంతు. ఎవరైనా రాకపోతే, ఇళ్లకు వెళ్తూ వెళ్తూ వాళ్ల తలుపు తడతారు. ‘ఇవాళ రాలేదేం పిన్నిగారూ, ఒంట్లో బాగాలేదా?’

చాలా తెలుగు ఊళ్లలో కనిపించే భజన మండలి ఇది. దీన్ని ఇన్నాళ్లూ భక్తి ఖాతాలోనే రాసుకున్నాం. ఆరోగ్యం ఖాతాలోనూ రాసుకోవాలి.

ఏటా 8.71 లక్షల మరణాలు

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక చెబుతోంది. దానివల్ల ఏటా 8.71 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. పక్షవాతం, గుండెజబ్బు, మధుమేహం, కుంగుబాటు ముప్పును అది పెంచుతుంది.

2011 జనగణన నాటికి మన దేశంలో అరవై దాటినవారు 10.38 కోట్లు. 2050కి 34.7 కోట్లవుతారని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి అంచనా. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది ఇద్దరు, కొన్నాళ్లకు ఒక్కరు. కొడుకూ కోడలూ మనవలూ ఉన్న ఇంట్లోనూ ఈ బాధ ఉంటుంది. అందరూ పనుల మీద వెళ్లిపోయాక, సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే రాని పెద్దలు ఎందరో!

పాట చేసిన మేలు

శాన్‌ఫ్రాన్సిస్కోలో 12 వృద్ధుల కేంద్రాలకు వచ్చే 390 మందితో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓ అధ్యయనం చేశారు. సగం కేంద్రాల్లో వారం వారం బృందగానం నేర్పారు. మిగతావాళ్లను ఆర్నెల్లు ఆగమన్నారు. ఆర్నెల్ల తర్వాత చూస్తే జ్ఞాపకశక్తిలోనూ దేహదారుఢ్యంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ పాడినవాళ్లలో ఒంటరితనం తగ్గింది, బతుకు మీద ఆసక్తి పెరిగింది. మన భజన మండలిలో ఉన్నదీ ఇదే: క్రమం తప్పని రోజు, కలిసి చేసే పని, తన వంతు బాధ్యత. కోలాటం నేర్చుకుంటున్న అరవై ఏళ్ల అమ్మల ముఖాల్లో కనిపించే వెలుగూ అక్కడి నుంచి వచ్చిందే. తాను ఒక్క అడుగు తప్పితే వరస మొత్తం చెదురుతుంది. అంటే ఆ వరసకు తాను కావాలి!

పిలుపు అందనివాళ్లు

భర్త పోయిన స్త్రీని పేరంటానికి పిలవని ఇళ్లు ఇంకా ఉన్నాయి. మనుషుల తోడు ఎక్కువ కావలసిన రోజుల్లోనే ఆమెకు పిలుపులు ఆగిపోతాయి. ఇది ఆచారం పేరుతో మనం చేస్తున్న అన్యాయం. ఏ కూడికైనా ముందుగా ఆమె గడప తొక్కి రమ్మనాలి.

మగవాళ్లది మరో తీరు. ఉద్యోగంతోనే స్నేహాలూ విరమణ పొందుతాయి. ‘రండి, కబుర్లు చెప్పుకుందాం’ అంటే చాలామంది కదలరు. ‘మాస్టారూ, ఈ లెక్కలు కాస్త చూసిపెట్టండి’ అంటే మాత్రం చొక్కా తొడుక్కుని బయల్దేరతారు. పింఛనుదారుల సంఘాలు నిలబడింది అందుకే. పింఛను దయాభిక్ష కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఆ రోజున పెన్షనర్ల దినోత్సవం జరుపుకొంటారు. మిగతా రోజుల్లో అర్జీలు రాయడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం లాంటి పనులే వాళ్లను కలిపి ఉంచుతాయి. ఏ సంఘమూ లేని రైతుకూలీకి, చేనేత కార్మికుడికి కూడా అలాంటి చోటు కావాలి.

మనం చేయగలిగింది

కొత్త భవనాలు అక్కర్లేదు. శాఖా గ్రంథాలయం, అపార్ట్‌మెంట్ సెల్లార్, బడి వదిలాక ఖాళీగా ఉండే తరగతి గది చాలు. వారంలో ఒక రోజు, ఒకే వేళ. మెట్లు ఎక్కనక్కర్లేని చోటు, దగ్గర్లో మరుగుదొడ్డి, చీకటి పడకముందే ఇంటికి దిగబెట్టే ఆటో. చెవులు సరిగా వినపడనివారిని ముందు వరసలో కూర్చోబెట్టాలి. కార్తీక వనభోజనాలకు పెద్దల్ని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టేస్తుంటాం. పులిహోర కలపడం, పిల్లలకు కథ చెప్పడం వాళ్లకు అప్పగించి చూడండి.

డాక్టర్ మదన్ కటారియా 1995లో ముంబయిలోని ఓ పార్కులో నవ్వుల క్లబ్బును మొదలుపెట్టింది ఐదుగురితోనే. ఇప్పుడవి ఎన్నో దేశాల్లో ఉన్నాయి. మీ వీధిలో ఐదుగురు దొరకకపోరు.

బయటికి రాలేనివారి కోసం పెద్దల జాతీయ సహాయవాణి 14567 ఉంది. అయినా ఫోన్‌లో వినిపించే గొంతు, పక్కన కూర్చునే మనిషికి సాటి రాదు. పెద్దల దినోత్సవమైన అక్టోబరు 1న సన్మానాలకు ఖర్చుపెట్టే డబ్బును ఏడాది పొడవునా ఆటో కిరాయికీ టీ నీళ్లకూ కేటాయించమని మీ సంఘాన్ని, మీ కాలనీ కమిటీని అడగండి. ఈ వారమే ఒక రోజు ఖాయం చేయండి.